ఫ్యూయల్ పంపు రీకాల్: కబురు అందని బండ్ల సంగతి

2024 అక్టోబరులో హోండా కార్స్ ఇండియా 90,468 కార్లకు రీకాల్ ప్రకటించింది, అంటే లోపం సరిచేయడానికి బండ్లను వెనక్కి పిలిచింది. ఫ్యూయల్ పంపు ఉచితంగా మార్చి ఇస్తామంది. ఆ మొత్తంలో 2,204 కార్ల సంగతి కాస్త వేరు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు వాటిలో ఉన్న పంపుతో పేచీ లేదు. తర్వాత రిపేరుకు వచ్చినప్పుడు స్పేరుగా బిగించిన పంపులోనే లోపం ఉంది. కొత్త పంపు వేయించుకున్నాం, ఇక బండికి ఢోకా లేదనుకున్నవాళ్లు కూడా ఆ జాబితాలోకి ఎక్కారన్నమాట.

ఇలాంటి వార్తలు అనంతపురంలో పేపరు లోపలి పేజీలో సింగిల్ కాలమ్‌గా వచ్చిపోతాయి. చదివినవాళ్లు "మన బండి కాదులే" అని పేజీ తిప్పేస్తారు. మన బండి అవునో కాదో తేల్చుకోవడానికి మోడల్ పేరు చాలదు, కొన్న సంవత్సరమూ చాలదు. పైగా రీకాల్ కబురు చాలాసార్లు బండి వెంట రాదు, బండిని మొదట కొన్నాయన ఫోన్ నంబరు వెంట పోతుంది. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఐదారేళ్లు తిరిగి, రెండు మూడు చేతులు మారి ఇక్కడికి చేరిన కార్లు ఈ ఊళ్లో తక్కువేం కాదు. పంపులో ఏం తప్పు జరిగిందో కంపెనీ ఇంజనీర్లు ఎప్పుడో ఒకప్పుడు కనిపెడతారు. ఆ పంపు ఇప్పుడు ఎవరి ఇంటి ముందు నిలబడి ఉందో కనిపెట్టడమే కష్టం.

ముందు లోపం ఎలా ఉంటుందో చూద్దాం. ఇప్పటి పెట్రోలు కార్లలో ఫ్యూయల్ పంపు ట్యాంకు లోపలే మునిగి ఉంటుంది. చాలా మోడళ్లలో వెనక సీటు ఎత్తితే ఒక మూత, దాని కింద ఒక లాక్ రింగు కనిపిస్తాయి. ఆ రింగు విప్పితే పంపు అసెంబ్లీ మొత్తం చేతికి వస్తుంది. లోపల చిన్న మోటారు, దానికి తగిలించిన ఇంపెల్లర్ అనే ప్లాస్టిక్ చక్రం. ఆ చక్రం తిరిగితేనే పెట్రోలు ఒత్తిడితో పైపులోకి ఎక్కి ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లకు చేరుతుంది. డెన్సో సంస్థ తయారుచేసిన కొన్ని పంపుల్లో ఈ చక్రాన్ని సాంద్రత తక్కువగా ఉన్న రెజిన్‌తో పోత పోశారు. అది పెట్రోలు పీల్చుకుని నానిన శనగగింజలా ఉబ్బింది. చక్రానికీ చుట్టూ ఉన్న గోడకూ మధ్య సందు చాలా తక్కువ. ఉబ్బిన చక్రం గోడకు రాసుకుంటూ కొన్నాళ్లు ఎలాగో తిరుగుతుంది, తర్వాత ఒకరోజు బిగుసుకుపోతుంది.

ఈ ఒక్క ముక్క కోసం టయోటా 2020లో ప్రపంచవ్యాప్తంగా 58 లక్షలకు పైగా వాహనాలను పిలవాల్సి వచ్చింది. హోండా 2023 డిసెంబరులో ఒక్క అమెరికాలోనే 25 లక్షలకు పైగా పిలిచింది. మన దేశంలో ఫ్యూయల్ పంపు కోసం హోండా 2020 జూన్‌లో 65,651 కార్లను, 2021 ఏప్రిల్‌లో 77,954 కార్లను పిలిచింది. ఆ తర్వాతదే 2024 నాటి పిలుపు. మారుతి సుజుకి కూడా 2020 జులైలో వ్యాగన్ఆర్, బాలెనో కలిపి 1,34,885 కార్లను ఫ్యూయల్ పంపు అనుమానంతోనే పిలిచింది. అయిపోయిందనుకుంటే 2024 మార్చిలో అవే రెండు మోడళ్లలో మరో 16,041 కార్లు బయటికి వచ్చాయి. అవి 2019 జులై చివరి నుంచి నవంబరు మొదటి రోజు దాకా తయారైన బండ్లు. అంటే బండి రోడ్డెక్కిన నాలుగున్నరేళ్లకు కబురు. ఈ నాలుగున్నరేళ్లలో బండి చేయి మారకుండా ఉండే అవకాశం ఎంత, సర్వీసు కంపెనీ సెంటర్లోనే జరుగుతూ ఉండే అవకాశం ఎంత? మొదటి ఫ్రీ సర్వీసులు, వారంటీ అయిపోగానే బండి గుత్తి రోడ్డులో తెలిసిన మెకానిక్ షెడ్డుకు మారిపోవడం ఇక్కడ మామూలే. అందులో తప్పు పట్టడానికీ ఏం లేదు, బిల్లులో తేడా అలా ఉంటుంది.

పంపు ఆగితే ఏమవుతుంది, బండి ఆగుతుంది అంతే కదా అనిపించవచ్చు. ఊళ్లో సప్తగిరి సర్కిల్ దగ్గర ఆగితే నలుగురు తోస్తారు. 44వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రిపూట వంద స్పీడులో ఉండగా ఆగితే లెక్క వేరు. ఇంజన్ చచ్చిపోగానే, బ్రేకు తేలిగ్గా పడేలా చేసే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు నొక్కులకే సరిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. చాలా పాత మోడళ్లలో స్టీరింగ్ కూడా ఒక్కసారిగా బరువెక్కుతుంది. వెనక గ్రానైట్ లోడుతో వచ్చే లారీ డ్రైవరుకు ముందున్న కారు ఎందుకు నెమ్మదించిందో తెలిసే దారి లేదు, బ్రేకు నొక్కకుండానే బండి నెమ్మదిస్తుంది, బ్రేకు లైటు కూడా వెలగదు కాబట్టి. పంపు లోపాన్ని కంపెనీలు భద్రతా లోపంగా ఒప్పుకోవడానికి కారణం ఇదే. ఇది వట్టి బ్రేక్‌డౌన్ కాదు.

ఇక రెండో రకం లోపం ఇంధనం కారడం. ఇది పాత కథ. అమెరికాలో ఫోర్డ్ పింటో కారుకు పెట్రోలు ట్యాంకు వెనక బంపరుకూ యాక్సిల్‌కూ మధ్య ఇరుక్కుని ఉండేది. వెనక నుంచి గుద్దితే ట్యాంకు చిట్లి మంటలు లేచేవి. 1978లో దాదాపు 15 లక్షల బండ్లను వెనక్కి పిలిచి, ట్యాంకుకు ప్లాస్టిక్ కవచం, కాస్త పొడవైన ఫిల్లర్ పైపు వేసి ఇచ్చారు. మన దేశంలో 2010 ఫిబ్రవరిలో మారుతి ఏ-స్టార్ లక్ష కార్లకు ఫ్యూయల్ పంపు దగ్గరి గ్యాస్కెట్ మార్చింది. 2019 ఆగస్టులో 40,618 వ్యాగన్ఆర్ కార్లలో ఫ్యూయల్ హోస్ ఒక మెటల్ క్లాంపుకు రాసుకుంటోందని పిలిచింది.

వీటన్నిటికన్నా అనంతపురం వాళ్లు చెవిన వేసుకోవాల్సింది 2014 ఏప్రిల్ నాటిది. మారుతి ఎర్టిగా, స్విఫ్ట్, డిజైర్ కలిపి 1,03,311 కార్లలో పెట్రోలు పోసే మూతి నుంచి ట్యాంకు దాకా వెళ్లే ఫిల్లర్ నెక్ మార్చారు. ట్యాంకు నిండగానే నాజిల్ దానంతటదే ఆగిపోయాక, అంటే ఆటో కట్ అయ్యాక కూడా ఇంకా పోస్తే అక్కడ కారే అవకాశం ఉందని తేలింది. ఏ-స్టార్‌లో కూడా ట్యాంకు అంచుదాకా నింపినప్పుడే పెట్రోలు కారేది. ఇప్పుడు ఇక్కడి బంకుల్లో ఏం జరుగుతుందో చూడండి. నాజిల్ టక్కున ఆగుతుంది, మీటరు మీద 2,460 చిల్లర ఉంటుంది. "రౌండ్ ఫిగర్ చేద్దామా అన్నా?" అంటాడు బంకు కుర్రాడు. అన్న తలూపుతాడు. ఇంకొంత పెట్రోలు బొట్టుబొట్టుగా లోపలికి పోతుంది. దీనికి తోడు కర్ణాటకలో పెట్రోలు ధర ఆంధ్ర కన్నా తక్కువ కాబట్టి, బెంగళూరు నుంచి వచ్చేవాళ్లు సరిహద్దులోని కొడికొండ చెక్‌పోస్టు దాటకముందే బాగేపల్లి వైపు మూతిదాకా పోయించుకుని వస్తారు. ఆటో కట్ తర్వాత మిగిలే ఆ ఖాళీ పెట్రోలు వేడెక్కి వ్యాకోచించడానికి, ఆవిరి నిలవడానికి వదిలిన చోటు. మే నెల ఎండలో ఆ చోటు లేని ట్యాంకు ఏ చిన్న లోపాన్నైనా బయటపెడుతుంది. లోపం లేని బండిలో కూడా ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా, అదే క్యానిస్టర్, పెట్రోలుతో తడిసి పాడైపోతుంది. రౌండ్ ఫిగర్ కోసం ఇంత రిస్కు దేనికో అర్థం కాదు.

పెట్రోలు ఆవిరికి అంటుకోవడానికి ఎండాకాలమే అక్కర్లేదు. సున్నా కన్నా సుమారు 40 డిగ్రీలు దిగువన కూడా నిప్పురవ్వ తగిలితే మండేంత ఆవిరి పెట్రోలు నుంచి లేస్తుంది. అది గాలికన్నా బరువు, నేలబారుగా పాకుతుంది, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మూలలకు చేరి నిలుస్తుంది. అందుకే కారులో కూర్చోగానే పెట్రోలు వాసన వస్తే ఏసీ వేసుకుని సర్దుకోవడం సరైన పని కాదు.

మంటల మాట వచ్చింది కాబట్టి ఒక తేడా చెప్పుకోవాలి. 2013 అక్టోబరులో పాలెం దగ్గర కల్వర్టును గుద్దిన బస్సులో 45 మంది కాలిపోయారు. 2025 అక్టోబరులో కర్నూలు పక్కన చిన్నటేకూరు దగ్గర రోడ్డు మీద పడి ఉన్న బైకును బస్సు ఈడ్చుకెళ్లడంతో మంటలు లేచి 19 మంది ప్రయాణికులు పోయారు. రెండూ ఇదే హైవే మీద జరిగినవి. అవి ప్రమాదంలో ఇంధనం బయటికి వచ్చిన సంఘటనలు. అక్కడ అడగాల్సిన ప్రశ్నలు స్పీడు, అత్యవసర ద్వారాలు, బాడీ కట్టిన తీరు గురించి. రీకాల్ అడిగే ప్రశ్న వేరు. ఎవరూ ఎవరినీ గుద్దకపోయినా, మామూలుగా నడిచే బండిలో, ఫ్యాక్టరీ నుంచే వచ్చిన తప్పు వల్ల ఇంధనం కారుతోందా, లేక అందకుండా పోతోందా? రెంటినీ కలిపి "బండి కాలింది" అనేస్తే కంపెనీ జవాబు చెప్పాల్సిన చోట డ్రైవరు, డ్రైవరు జవాబు చెప్పాల్సిన చోట కంపెనీ నిలబడాల్సి వస్తుంది.

చట్టం ఏమంటుందంటే, 2012లో కార్ల తయారీదారుల సంఘం సియామ్ స్వచ్ఛంద రీకాల్ నియమావళి తెచ్చుకుంది. అప్పటిదాకా అదీ లేదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఏ సెక్షన్ చేర్చారు. దాని నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. లోపం వల్ల డ్రైవరుకో, ప్రయాణికులకో, రోడ్డు మీద వెళ్లే మరొకరికో, పర్యావరణానికో హాని ఉంటే కేంద్రం రీకాల్‌కు ఆదేశించవచ్చు. అలా ఆదేశించినప్పుడు కంపెనీ బండి డబ్బు వెనక్కి ఇవ్వాలి, లేదా అలాంటిదో అంతకన్నా మెరుగైనదో మరో బండి ఇవ్వాలి, లేదా రిపేరు చేసివ్వాలి. బండ్ల రకాన్నీ సంఖ్యనూ బట్టి జరిమానా 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా ఉంటుంది. కంపెనీ తానే లోపాన్ని గుర్తించి, ప్రభుత్వానికి చెప్పి, పిలుపు మొదలుపెడితే జరిమానా ఉండదు. లక్షల కార్లు అమ్మే సంస్థకు కోటి రూపాయలు పెద్ద లెక్కేమీ కాదు. అయినా పేపర్లో మనం చూసే రీకాల్స్ దాదాపు అన్నీ కంపెనీలు తమంతట తాము ప్రకటించినవే. పేరు పోతుందన్న భయం జరిమానా కన్నా బాగా పనిచేస్తోంది.

ఈ నిబంధనల్లో రెండు చోట్ల అనంతపురం లాంటి ఊళ్లకు దెబ్బ పడుతోంది. ఒకటి వయసు. నిర్బంధ రీకాల్ ఏడేళ్ల లోపు బండ్లకే. సెకండ్ హ్యాండ్‌లో ఇక్కడికి వచ్చేవాటిలో చాలావాటికి అప్పటికే ఆరేడేళ్లు నిండి ఉంటాయి. లోపమున్న పంపుకు మాత్రం వయసుతో పని లేదు, అది తొమ్మిదో ఏట కూడా ఆగిపోగలదు.

రెండోది, ఇంతకన్నా పెద్దది, ఫిర్యాదుల లెక్క. ప్రభుత్వం దాకా విషయం వెళ్లే దారుల్లో ఒకటి, అమ్ముడైన బండ్ల సంఖ్యను బట్టి నిర్ణయించినన్ని ఫిర్యాదులు ఓనర్ల నుంచి రావడం. ఇందుకు కేంద్రం నడిపే వాహన రిజిస్ట్రేషన్ల సైటు వాహన్ పోర్టల్‌లో చోటు ఉంది. కానీ షెడ్డులో జరిగే పని ఏ లెక్కలోకీ ఎక్కదు. బండి పొద్దున స్టార్ట్ కాలేదని తోసుకొస్తే, మెకానిక్ తాళం ఆన్ చేసి వెనక సీటు దగ్గర చెవి పెడతాడు. మామూలుగా రెండు సెకన్లు వినిపించాల్సిన "జుయ్" శబ్దం రాదు. "పంపు పోయింది సార్, కల్తీ పెట్రోలు. ఏ బంకులో కొట్టించారు?" తప్పు బంకు మీదికి పోతుంది. బయటి కంపెనీ పంపు ఒకటి వేస్తాడు, సాయంత్రానికి బండి నడుస్తుంది. మెకానిక్ అబద్ధమేం చెప్పలేదు, కల్తీ పెట్రోలు వల్ల పంపులు పోవడం అతను ఎన్నోసార్లు చూశాడు. లోపమున్న పంపు, కల్తీతో చెడిన పంపు పైకి ఒకేలా చచ్చిపోతాయి. ఆ పాత పంపును కోసి ఇంపెల్లర్ కొలత తీసేవాడు ఎవడూ లేడు. అది షెడ్డు మూల డబ్బాలోకి, అక్కడి నుంచి తుక్కు కొట్టుకు పోతుంది. కంపెనీకి చేరాల్సిన సాక్ష్యం కిలోల లెక్కన అమ్ముడైపోయిందన్నమాట.

అందుకే ఆగిపోయిన పంపు మార్పించే ముందు ఛాసిస్ నంబరుతో ఒకసారి చూసుకోవడం మంచిది. ఆర్సీ మీద ఉండే ఆ 17 అక్షరాలు, అంకెల నంబరును కంపెనీ వెబ్‌సైటులో రీకాల్ పేజీలో కొడితే బండి జాబితాలో ఉందో లేదో వస్తుంది. నెట్‌లో కుదరకపోతే ఏ అధీకృత సర్వీస్ సెంటరుకైనా ఫోన్ చేసి అడగవచ్చు. రెండో ఓనరైనా మూడో ఓనరైనా, బండి ఏ రాష్ట్రంలో కొన్నా, పిలుపు ఆ బండికే. ఏపీ 02 నంబరా, కేఏ నంబరా, కొత్త ఏపీ 39 నంబరా అన్నది దానికి అనవసరం. బండి ఎక్కడ పుట్టిందన్నది కూడా అంతే. పెనుకొండ పక్కన తయారైన కియా కారెన్స్ 44,174 బండ్లను 2022లో ఎయిర్‌బ్యాగ్ సాఫ్ట్‌వేర్ కోసం పిలిచినప్పుడు పక్క ఊరి బండని ప్రత్యేకమేమీ లేదు, ఇక్కడా ఛాసిస్ నంబరే.

చాలామంది పొరబడేది తేదీ దగ్గర. రీకాల్ ప్రకటనలో ఉండేది తయారీ తేదీ. మనకు గుర్తుండేది డెలివరీ తీసుకుని పూజ చేయించిన రోజు. రెంటికీ మధ్య రెండు మూడు నెలల తేడా మామూలే. ఆర్సీలో తయారీ నెల, సంవత్సరం విడిగా ఉంటాయి, చూసుకోవాల్సింది దాన్ని. మధ్యలో పంపు మార్పించి ఉంటే ఆ బిల్లు కూడా వెతికి పెట్టుకోవాలి, మొదట చెప్పిన 2,204 కార్లు అలాంటివే. కొన్ని కంపెనీలు రీకాల్ అనే మాట వాడటానికి ఇష్టపడక "సర్వీస్ క్యాంపెయిన్" అంటాయి. అడిగేటప్పుడు రెండు మాటలూ అడగాలి.

సర్వీస్ సెంటరులో పని ఉచితమే అయినా అన్నీ ఒక్క రోజులో తేలవు. "పార్టు రావాలి సార్, రాగానే ఫోన్ చేస్తాం" అన్న జవాబు వస్తుంది. లక్ష పంపులు ఒకేసారి దొరకవు కాబట్టి కొంత ఆలస్యం నిజమే. అయితే ఆ ఫోను వస్తుందని కూర్చోకుండా జాబ్ కార్డు మీద ఫిర్యాదు రాయించుకుని కాపీ తీసుకోవడం మేలు. కాలయాపన చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు ఉంటే కమిషన్‌లో ఫీజు కూడా లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తయారీ లోపం వల్ల కలిగిన నష్టానికి తయారీదారు బాధ్యత గురించి ఒక అధ్యాయమే ఉంది. అక్కడ పనికొచ్చేది కాగితం. షెడ్డులో నోటిమాట మీద జరిగిన పనికి కాగితం ఉండదు.

బయట గ్యాస్ కిట్ బిగించిన బండ్లతో ఇంకో తలనొప్పి. ట్యాంకు, పైపులు, వైరింగు ఎవరు ఎక్కడ కదిపారో తెలియదని కంపెనీ చేతులెత్తేసే వీలుంది. అనుమతి ఉన్న కిట్టు, ఆర్సీలో ఎక్కించిన మార్పు అయితే వాదించడానికి కాస్త బలం ఉంటుంది.

ఈ మధ్య పంపులు, పైపుల మాట వస్తే అందరూ ఇథనాల్ మీదికి పోతున్నారు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు ఇప్పుడు దాదాపు అన్ని బంకుల్లోనూ ఉంది. 2023 ఏప్రిల్ నుంచి తయారైన బండ్ల భాగాలు దీన్ని తట్టుకునేలా చేశారు. పాత బండ్లలో 20 నుంచి 30 వేల కిలోమీటర్లు తిరిగాక కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చనీ, అది పెద్ద ఖర్చు కాదనీ పెట్రోలియం శాఖే 2025లో చెప్పింది. ఇక్కడ గమనించాల్సింది బిల్లు ఎవరిదన్నది. పోత తప్పిన ఇంపెల్లర్‌కు బిల్లు కంపెనీది. ఇంధనం మారినందువల్ల ముందే అరిగిన రబ్బరు పైపుకు బిల్లు ఓనరుది. రెండు సందర్భాల్లోనూ ఓనరు చేసిన తప్పేమీ లేదు. ఆరేళ్ల కారు కింద ఒక పైపు చెమ్మగిల్లితే అది ఏ ఖాతాలోదో తేల్చడం ఇకముందు ఇంకా కష్టమవుతుంది, కంపెనీలు ఇథనాల్ వైపు వేలు చూపడం తేలికవుతుంది. కాబట్టి పాత బండ్ల ఓనర్లు పైపులు, క్లాంపులు ఏడాదికోసారైనా చూపించుకోవడం మంచిది.

రీకాల్‌లో చేసే రిపేరు కూడా అన్నిసార్లూ ఒకే తరహాలో ఉండదు. 2022లో ఫోర్డ్ అమెరికాలో ఐదు లక్షలకు పైగా బండ్లను ఇంజెక్టర్లు పగిలి పెట్రోలు కారవచ్చని పిలిచింది. ఇంజెక్టర్లు మార్చలేదు. పైపులో ఒత్తిడి తగ్గితే పసిగట్టే సాఫ్ట్‌వేర్, కారిన పెట్రోలు వేడి భాగాల మీద పడకుండా ఒక గొట్టం వేసి పంపింది. దాని మీద అక్కడ గట్టిగానే విమర్శలు వచ్చాయి. మన దగ్గర ఆ ప్రశ్న దాకా వెళ్లడం అరుదు, "అప్‌డేట్ చేశాం" అంటే సరేనని వచ్చేస్తాం.

అమెరికాలో మాత్రం ఒక పని బాగా చేస్తారు. కంపెనీ తన దగ్గరున్న పాత ఫోన్ నంబర్లతో సరిపెట్టుకోకుండా, రాష్ట్రాల రిజిస్ట్రేషన్ రికార్డుల్లో ప్రస్తుత ఓనరు ఎవరో చూసి తపాలాలో ఉత్తరం పంపాలి. జర్మనీలో భద్రతా రీకాల్‌ను పట్టించుకోని బండిని రోడ్డెక్కకుండా ఆపే అధికారం కూడా ప్రభుత్వానికి ఉంది. మన వాహన్‌లో ప్రస్తుత ఓనరు పేరు, ఛాసిస్ నంబరు ఇప్పటికే ఉన్నాయి. కేఏ నుంచి ఏపీకి మారాలంటే ఫారం 28 మీద ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తేవాలి, పేరు మారాలంటే ఫారం 29, 30 పెట్టాలి, ఫైనాన్స్ ఉంటే ఆ కంపెనీ సమ్మతి లేకుండా పని జరగదు. ప్రతి మెట్టులోనూ ఎవరో ఒకరు ఆ ఛాసిస్ నంబరును కంప్యూటర్లో కొడుతూనే ఉన్నారు. ఏడాదికోసారి పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే బంకు పక్క వ్యాను దగ్గర కూడా బండి వివరాలు తెర మీదికి వస్తాయి. అదే తెర మీద "ఫ్యూయల్ పంపు రీకాల్ పెండింగ్" అని ఒక వరుస కనిపించేలా చేస్తే, బెంగళూరు మొదటి ఓనరు ఎప్పుడో మార్చేసిన సిమ్ కార్డుకు మెసేజీ పంపి చేతులు దులుపుకునే అవసరం కంపెనీలకు ఉండదు.